చిల్లర

శుక్రవారం రాత్రి సూది.
శనివారం జ్వరం.
ఆదివారం డ్యూటీ.
దురదకు మాత్రం వీక్లీ ఆఫ్ లేదు.

మొదలు ముంజేతి మీద పావలా బిళ్లంత లేచింది.
తెల్లారి అర్ధరూపాయంత.
పదిరోజులకు రెండు చేతుల మీద
ఎవలో సంచి బోర్లిచ్చి పోయినట్టు
ఎర్రెర్రగ, లెక్కకు దొరకకుండ.

పద్దెనిమిదేండ్ల కింద
కాన్పుల ఎక్కించిన రెండు సీసాల రక్తంల
ఏదో పురుగు ఎక్కి, కార్జంల సీటు పట్టి
టికెట్ లేకుండ ఇంత దూరం వచ్చిందట.
డాక్టర్ వింధ్యావళి మేడం ఇట్ల చెప్పలేదు గని
నాకు ఇట్లనే సమజైంది.
గల్లపట్టి దింపేటియి గీ సూది, గీ గోలీలు.
దిగేటోడు ఊకె దిగుతడా,
పోతపోత నా తోలు బరుకుతున్నడు, అన్న.
మేడం తలూపింది.
నా పోలిక తప్పట.
బరికేది దిగేటోడు కాదు, దింపేటోడు.

మా ఇంట్ల ఫ్రిజ్ లేదు.
పక్కింటి ఖైరున్నిసా ఫ్రిజ్‌ల
అల్లం వెల్లుల్లి ముద్ద పక్కన
నా నాలుగు వారాల సూదులు.
ఒక్కనాడు నా చేతులు చూసి, మెల్లగ
"పిల్లలున్నరక్కా, అంటుకుంటదా?" అన్నది.
అంటదు, ఇది మందు చేసే పని, అన్న.
అనుకుంటనే చేతులు
వాటంతటవే కొంగు కిందికి పోయినయి.
మర్నాడు ముద్ద గిన్నె కింది అరల ఉంది.
సూదులు మీది అరల, ఒక్కటే.
నేను చూసిన.
నేను చూసింది ఆమె చూసింది.
ఇద్దరం చాయ్ తాగినం.

ఉప్పల్ నుంచి మెహదీపట్నం.
మే నెల ఎండల నిండుచేతుల జాకెట్,
దాని మీద ఖాకీ.
చెమట ఉప్పు తాకితే ఒక్కో మచ్చ
పెనం మీద ఆవగింజ.
రామంతాపూర్ దాటేసరికే తెలుస్తది,
పైసలిచ్చే చేతులకు కండ్లుంటయని.
రూపాయిని పైనుంచి జారవిడిచేటోళ్లు,
నోటును తేలు తోక పట్టినట్టు పట్టి ఇచ్చేటోళ్లు,
చిల్లర వద్దులే అని దిగిపోయేటోళ్లు.
ఆ నెల డిపోల నా లెక్క
నలభై ఏడు రూపాయలు ఎక్కువ తేలింది.
ఎక్కడియమ్మా ఇవి, అన్నడు క్యాషియర్.
ఏం చెప్పాలె.
నా తోలు సంపాయించింది సారూ.

రాత్రి తడిగుడ్డ, తెల్లమందు, కొబ్బరినూనె,
మళ్ల తడిగుడ్డ.
గోకితే పుండైతదని
మా పిల్ల హైమ నా గోర్లు చిన్నగ కత్తిరించింది.
ఆ రెండు సీసాలనాడు పుట్టిన పిల్ల.
ఆ సంగతి దానికి చెప్పలే.
అది పండుకున్నంక
గోడకు వీపు ఆనిచ్చి
బర్రె లెక్క రాసుకున్న.

మందు ఆపుదామా మేడం?
నోరు తెరువుమన్నది. కండ్ల రెప్పలు పైకెత్తి చూసింది.
నోట్ల పుండ్లు లేస్తే, కండ్లు మండితే,
తోలు బుగ్గలు కడితే
ఉన్నపళంగ ఉరికిరా, లేకుంటే ఓర్సుకో, అన్నది.
"మచ్చలు ఎంతెంత ఉన్నయి?"
రూపాయి బిళ్లంత.
"పాత రూపాయా, కొత్తదా?"
నెలరోజుల్ల మొదటిసారి నవ్విన.
ఇంక ఇరవైమూడు వారాలట.

నిన్న అంబర్‌పేటల ఒకాయన ఎక్కిండు.
బట్టలకు రంగులద్దే మనిషి,
మోచేతుల దాక నీలం.
రెండు బిళ్లలు తీసి నా అరచేతుల పెట్టి
చెయ్యి అట్లనే ఉంచి వంగి చూసిండు.
"ఏం రంగమ్మా ఇది?
మా కాడ ఈ ఎరుపు పడదు."
మందు రంగు, అన్న.
"ఎన్ని ఉతుకులకు పోతది?"
ఇరవైమూడు.
ఆయన నిజంగనే లెక్కేసుకున్నడు.
"గట్టి రంగే."

అప్పుడే ఎలీషా బ్రేకు కొట్టిండు.
చిల్లరంత కింద పడ్డది.
నీలం వేళ్లు, ఎర్ర వేళ్లు
సీట్ల కింద తడుముకుంట ఏరినయి.
ఒక్క రూపాయి దొరకలే.